డిగ్రీ పాసైనా టీసీ ఇవ్వట్లేదా? ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు ఎక్కడ ఆగుతుంది, విద్యార్థి ఏం చేయొచ్చు?

ఏటా ఫైనల్ సెమిస్టర్ ఫలితాలు వచ్చి, పీజీ కౌన్సెలింగ్ మొదలయ్యే రోజుల్లో మా డెస్కుకు ఒకే రకం ప్రశ్న వస్తుంటుంది. అడిగేవాళ్లు మారతారు, ఊళ్లు మారతాయి, ప్రశ్న మారదు. అమ్మాయి డిగ్రీ పాసైంది, పీజీలో సీటు వచ్చింది, టీసీ, మెమోల కోసం పాత కాలేజీకి వెళ్తే ‘డ్యూ’ ఉంది, కట్టి తీసుకెళ్లమన్నారు. మాది ఫీజు రీయింబర్స్‌మెంట్ సీటు కదా, ఇప్పుడు మేమెందుకు కట్టాలి? రిపోర్టింగ్‌కు నాలుగు రోజులే ఉంది, ఏం చేయాలి?

పిల్లలు పెద్ద చదువుల్లోకి రావడానికి తెలుగు రాష్ట్రాల్లో గత పదిహేను, ఇరవై ఏళ్లలో చాలానే జరిగింది. వచ్చినవాళ్లు చదువు పూర్తిచేసి, పట్టా చేతపట్టుకుని బయటికి వెళ్లే దారి మాత్రం ఇప్పటికీ గతుకులమయమే. ఆ గతుకులు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఏది ఎవరి బాధ్యతో తెలిస్తే కొన్నిటినైనా ముందే తప్పించుకోవచ్చు.

సీటు వరకు ఇబ్బంది లేదు

ఒకప్పుడు డిగ్రీలో చేరాలంటే ప్రతి కాలేజీకీ తిరిగి విడివిడిగా దరఖాస్తు కొనాల్సి వచ్చేది. తెలంగాణలో 2016లో ‘దోస్త్’ వచ్చాక ఒక్క రిజిస్ట్రేషన్‌తో రాష్ట్రంలోని యూనివర్సిటీల పరిధిలో ఉన్న కాలేజీలకు ఆప్షన్లు పెట్టుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీ ప్రవేశాలు ఆన్‌లైన్‌లోకి మారాయి.

ఫలితం లెక్కల్లో కనిపిస్తుంది. కేంద్ర విద్యాశాఖ ఉన్నత విద్యా సర్వే 2021-22 ప్రకారం 18 నుంచి 23 ఏళ్ల వయసు జనాభాతో పోల్చితే ఉన్నత విద్యలో పేర్లు నమోదైనవారు దేశం మొత్తమ్మీద 28.4 శాతం. తెలంగాణలో అది 40 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36.5 శాతం. అదే వయసు జనాభా లక్షకు దేశంలో సగటున 30 కాలేజీలుంటే తెలంగాణలో 52, ఏపీలో 49 ఉన్నాయి. 2035 నాటికి దేశం 50 శాతానికి చేరాలని జాతీయ విద్యావిధానం పెట్టుకున్న లక్ష్యానికి మనం మిగతావారికంటే దగ్గరగానే ఉన్నాం.

అయితే ఈ శాతం చెప్పేది పేరు నమోదైనవారి సంగతి. ఎందరు పూర్తిచేశారు, ఎందరు మధ్యలో మానేశారు, ఎందరు పాసై కూడా సర్టిఫికెట్ కోసం కాలేజీ ఆఫీసు ముందు నిలబడ్డారు అన్నది ఈ అంకెలో ఉండదు. ప్రవేశాల సంఖ్యను ఏటా ప్రెస్‌మీట్ పెట్టి చెప్పే అధికారులు, మూడేళ్ల కిందట చేరినవారిలో ఎందరు పట్టా తీసుకున్నారో అంతే శ్రద్ధగా చెప్పిన సందర్భం నాకు గుర్తులేదు.

ఫీజు డబ్బు ఎలా కదులుతుంది?

ఎస్సీ విద్యార్థుల కోసం పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944 నుంచీ ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 ప్రాంతంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ట్యూషన్ ఫీజు మొత్తాన్ని ప్రభుత్వమే భరించే పద్ధతిని బీసీలకు, ఇతర పేద వర్గాలకు విస్తరించింది. మనం ‘ఫీజు రీయింబర్స్‌మెంట్’ అంటున్నది దీన్నే. ఆఫీసు కాగితాల్లో ఇది రెండు ముక్కలు: కాలేజీకి చెందాల్సిన ట్యూషన్ ఫీజు (ఆర్టీఎఫ్), విద్యార్థి ఖర్చులకు ఇచ్చే మెయింటెనెన్స్ (ఎంటీఎఫ్). మొదటిది రావడం ఆలస్యమైతే కాలేజీ విద్యార్థి మీద పడుతుంది. రెండోది ఆలస్యమైతే విద్యార్థి బస్సు చార్జీకి ఇంట్లో చేయి చాస్తాడు.

తెలంగాణలో దారి ఇలా ఉంటుంది. విద్యార్థి ‘ఈపాస్’ వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేస్తాడు. మీసేవ కేంద్రంలో వేలిముద్ర వేస్తాడు. ప్రింటు తీసిన కాగితాలు కాలేజీలో ఇస్తాడు. కాలేజీ వాటిని సరిచూసి ఆన్‌లైన్‌లో సంబంధిత సంక్షేమ శాఖ జిల్లా అధికారికి పంపుతుంది. అక్కడ మంజూరవుతుంది. ఆ తర్వాత బిల్లు ట్రెజరీకి వెళ్తుంది. ఆర్థిక శాఖ నిధులు వదిలినప్పుడు డబ్బు జమ అవుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఇదంతా ‘జ్ఞానభూమి’ పోర్టల్ ద్వారా నడుస్తుంది. 2020లో ‘జగనన్న విద్యాదీవెన’ పేరుతో ఫీజును మూడు నెలలకోసారి తల్లి ఖాతాలో వేసే పద్ధతి తెచ్చారు. తల్లి ఆ డబ్బును కాలేజీకి కట్టాలి. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ నేరుగా కాలేజీ ఖాతాలకే జమచేస్తామన్నారు. ఈ మధ్యకాలంలో చదివినవారి పేరున ఇప్పటికీ కనిపిస్తున్న కొన్ని ‘డ్యూ’లకు మూలం ఇక్కడుంది. తల్లి ఖాతాకు ఏ వాయిదా వచ్చింది, అందులో ఏది కాలేజీకి చేరింది, ఏ వాయిదా అసలు విడుదలే కాలేదు అన్నది ఒక్కో విద్యార్థి విషయంలో ఒక్కోలా ఉంటుంది. బ్యాంకు పాసుపుస్తకంలో ఎంట్రీలు చూస్తే తప్ప తేలదు.

ఎస్సీ విద్యార్థులకు ఇంకో మెలిక ఉంది. 2020 డిసెంబరులో కేంద్రం ఈ స్కాలర్‌షిప్ ఖర్చును 60:40గా పంచుకుంది. కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం. కేంద్ర వాటా నేరుగా విద్యార్థి ఆధార్ ఖాతాలో పడుతుంది. కానీ రాష్ట్రం తన వాటా ముందు వేస్తేనే కేంద్రం వాటా కదులుతుంది. అంటే రాష్ట్ర ఖజానాలో 40 ఆగితే, ఢిల్లీ నుంచి రావాల్సిన 60 కూడా ఆగుతుంది. పైగా ఖాతాలో పడిన సొమ్ములో ఫీజు భాగాన్ని విద్యార్థే కాలేజీకి చేర్చాలి. అది తమ సొంత ఖర్చుల డబ్బు అనుకుని వాడేసుకున్న కుటుంబాలున్నాయి. వాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ఫోన్‌కు వచ్చిన మెసేజిలో ఎంత జమైందో ఉంటుంది కానీ, ఎందుకు జమైందో ఉండదు మరి.

బకాయి ఎవరిది?

ఇదీ అసలు ప్రశ్న. ‘డ్యూ’ అని కాలేజీ ఒక్కమాటలో చెప్పేదాంట్లో సాధారణంగా రెండు వేర్వేరు మొత్తాలు కలిసి ఉంటాయి.

మొదటిది, ప్రభుత్వం మంజూరు చేసి, ఇంకా విడుదల చేయని ఫీజు. ఇది కాలేజీకి ప్రభుత్వం పడ్డ బాకీ. విద్యార్థి తన పని తాను చేశాడు.

రెండోది, పథకం కిందికి రాని సొమ్ము. పరీక్ష ఫీజులు, కాలేజీ బస్సు, హాస్టల్, కొన్ని ప్రత్యేక ఫీజులు ఇందులోకి వస్తాయి. ఇంజినీరింగ్‌లో అయితే ఇది పెద్ద మొత్తమే. తెలంగాణలో బీసీ, ఈబీసీ విద్యార్థులకు ఎంసెట్ (ఇప్పటి ఎప్‌సెట్) ర్యాంకు 10 వేల లోపు ఉంటే పూర్తి ఫీజు, ఆపైన అయితే ప్రభుత్వం ఇచ్చేది ఏడాదికి 35 వేలు. కాలేజీ ఫీజు 80 వేలు అనుకుందాం. మిగిలిన 45 వేలు ఏటా ఇంటివాళ్లే కట్టుకోవాలి. నాలుగేళ్లకు లక్షా 80 వేలు. కౌన్సెలింగ్ రోజున ‘రీయింబర్స్‌మెంట్ సీటే’ అన్న మాట విని సంబరపడిన తండ్రికి ఈ గుణింతం ఎవరూ చేసి చూపించరు.

కాబట్టి కాలేజీ డ్యూ ఉందన్నప్పుడు మొదట అడగాల్సింది, ఏ సంవత్సరానికి ఎంత, ఏ పద్దు కింద అని రాతపూర్వకంగా ఇవ్వమని. కాగితం మీద పెట్టమంటే కొన్ని మొత్తాలు అక్కడికక్కడే తగ్గిపోవడం కొత్తేమీ కాదు.

తర్వాత మీ దరఖాస్తు ఏ మెట్టు మీద ఆగిందో మీరే చూసుకోవచ్చు. ఈపాస్‌లో అప్లికేషన్ నంబరు, విద్యా సంవత్సరం, టెన్త్ హాల్‌టికెట్ నంబరు, పుట్టిన తేదీ ఇస్తే స్టేటస్ కనిపిస్తుంది. మీసేవలో వేలిముద్ర పడలేదని ఉంటే అది మీరు సరిచేసుకోవాల్సింది. కాలేజీ నుంచి ముందుకు వెళ్లలేదని ఉంటే తప్పు కాలేజీది, ప్రిన్సిపాల్‌ను అడగాలి. జిల్లా అధికారి దగ్గర పెండింగ్ అంటే సంక్షేమ శాఖ ఆఫీసుకు వెళ్లి ఏ పత్రం సరిపోలేదో కనుక్కోవాలి. టెన్త్ మెమోలో ఒక ఇంటిపేరు, ఆధార్‌లో ఇంకో స్పెల్లింగు ఉండటం దగ్గరే చాలా దరఖాస్తులు ఆగిపోతాయి. ఇక మంజూరైంది, సొమ్ము విడుదల కాలేదు అని ఉంటే ఆ సంగతి ఆర్థిక శాఖ చూసుకోవాలి. విద్యార్థి చేయగలిగింది ఏమీ లేదు, చేయాల్సిందీ లేదు. ఆ పేజీని ప్రింటు తీసి దాచుకోండి. కాలేజీతో మాట్లాడేటప్పుడు దానికంటే గట్టి కాగితం మీ దగ్గర ఇంకోటి ఉండదు.

కాలేజీల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పుకోవాలి. జిల్లాల్లో చాలా చిన్న డిగ్రీ కాలేజీల్లో దాదాపు అందరూ రీయింబర్స్‌మెంట్ విద్యార్థులే. ప్రభుత్వ సొమ్ము రెండేళ్లు రాకపోతే లెక్చరర్లకు జీతాలుండవు, భవనం అద్దె ఉండదు. 2025 నవంబరు మొదటి వారంలో తెలంగాణలో ప్రైవేటు వృత్తివిద్యా, డిగ్రీ కాలేజీలు ఇదే బకాయిల మీద బంద్ చేశాయి. ప్రభుత్వం కొంత సొమ్ముకు హామీ ఇచ్చాక తెరుచుకున్నాయి. యాజమాన్యాల కష్టం నిజమే. కానీ ప్రభుత్వం మీద ఉన్న కోపాన్ని పద్దెనిమిదేళ్ల, ఇరవై ఏళ్ల పిల్లల సర్టిఫికెట్ల మీద తీర్చుకోవడం వేరే సంగతి. ప్రభుత్వం ఇవ్వదు, కాలేజీ ఆగదు. మధ్యలో విద్యార్థికి ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

సర్టిఫికెట్లు ఆపే హక్కు కాలేజీకి ఉందా?

ఒరిజినల్ సర్టిఫికెట్ల విషయంలో యూజీసీ 2018 అక్టోబరులో స్పష్టమైన నోటిఫికేషన్ ఇచ్చింది. ప్రవేశ సమయంలో ఒరిజినల్స్ చూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలి, ఫైల్లో విద్యార్థి సంతకం చేసిన జిరాక్సులే ఉంచుకోవాలి. టెన్త్ మెమో, ఇంటర్ మెమో కాలేజీ బీరువాలో మూడేళ్లు ఉండాల్సిన పనే లేదన్నమాట. మన దగ్గర ఇది ఎంతవరకు అమలవుతోందో చదివేవారికి చెప్పక్కర్లేదు. చేరిన రోజే ఒరిజినల్స్ ఇచ్చేస్తే తర్వాత బేరం ఆడే చోటు ఉండదు. అందుకే చేరేటప్పుడే రసీదు తీసుకోండి. ఏమేం ఒరిజినల్స్ తీసుకున్నారో అందులో రాయించండి.

సర్టిఫికెట్లు ఇవ్వకుండా ఆపడం ఫిర్యాదు చేయదగ్గ విషయమని యూజీసీ 2023 విద్యార్థి ఫిర్యాదుల నిబంధనలు పేరుపెట్టి చెప్పాయి. ప్రతి కాలేజీలో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. ఒక మహిళ, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ వర్గాల నుంచి ఒకరు ఆ కమిటీలో తప్పనిసరి. ఫిర్యాదు అందిన 15 పనిదినాల్లో కమిటీ తేల్చాలి. తేల్చింది నచ్చకపోతే 15 రోజుల్లో యూనివర్సిటీ నియమించిన అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఆయన 30 రోజుల్లో పరిష్కరించాలి. యూజీసీ ‘ఈ-సమాధాన్’ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టవచ్చు.

గడువులు చూస్తే మీకే అర్థమవుతుంది: నాలుగు రోజుల్లో రిపోర్ట్ చేయాల్సిన విద్యార్థికి 15 పనిదినాల కమిటీ అక్కరకు రాదు. అందుకే ఫిర్యాదు ఫలితాలు వచ్చాక కాదు, ఫైనల్ సెమిస్టర్ మొదట్లోనే ‘నా మీద ఏ బకాయీ లేదని ధ్రువీకరించండి’ అని అడుగుతూ కాలేజీకి ఒక ఉత్తరం ఇచ్చి, దాని నకలు మీద స్టాంపు వేయించుకోవడం మంచిది. అప్పుడే కాలేజీ ఏం క్లెయిమ్ చేస్తోందో బయటపడుతుంది. మీకూ ఆరు నెలల సమయం ఉంటుంది.

సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణి, ఏపీలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక కూడా ఇలాంటి విషయాల్లో పనికొస్తాయి. కలెక్టరేట్ నుంచి ఒక ఫోను వెళ్తే చాలా కాలేజీలు దిగివస్తాయి. ఫీజు పేరుతో సర్టిఫికెట్లు ఆపడంపై హైకోర్టుల్లోనూ పిటిషన్లు పడ్డాయి, ఇచ్చేయాలని ఆదేశాలు వచ్చాయి. లాయరు ఫీజు గురించి భయపడేవారికి తెలియాల్సిన సంగతి ఒకటుంది. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు తెల్లకాగితం మీద దరఖాస్తు ఇస్తే చాలు.

ఇంకో దారి డిజీలాకర్. యూనివర్సిటీ మార్కుల మెమోలను, పట్టాను డిజీలాకర్‌లో పెట్టి ఉంటే అక్కడి నుంచి తీసుకున్న ప్రతి చెల్లుబాటవుతుందని, సంస్థలు దాన్ని అంగీకరించాలని యూజీసీ 2022 జనవరిలో చెప్పింది. ఉద్యోగ ఇంటర్వ్యూలకు ఇది బాగా అక్కరకొస్తుంది. టీసీ మాత్రం కాలేజీయే ఇవ్వాలి, అందుకే తగాదా చివరికి దాని చుట్టూనే తిరుగుతుంది.

చేరేటప్పుడే తప్పిపోయేవాళ్లు

బకాయిల గొడవ పథకంలో ఉన్నవాళ్లది. పథకంలోకి రాకుండానే పోయేవాళ్ల కథ వేరు. చాలామందికి ఈ సంగతి రెండో ఏడాదిలో తెలుస్తుంది.

దోస్త్ విడతలన్నీ అయ్యాక మిగిలిన సీట్లను స్పాట్ అడ్మిషన్లలో ఇస్తారు. స్పాట్‌లో చేరినవారికి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. మేనేజ్‌మెంట్ కోటాకూ రాదు. దూరవిద్యకూ రాదు. ఏపీలోనూ ఇదే వరస. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ రాసి ఆలస్యంగా పాసైన పేద పిల్లలే చివరి దాకా ఆగి స్పాట్‌లో చేరుతుంటారు. పథకం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లే దానికి దూరమవడం ఇందులోని విడ్డూరం. సప్లిమెంటరీ ఫలితాల తర్వాత కూడా దోస్త్ విడత మిగిలి ఉంటే, అందులో రిజిస్ట్రేషన్ చేసుకుని ఆప్షన్లు పెట్టుకోండి. ‘ముందు స్పాట్‌లో చేరండి, తర్వాత చూద్దాం’ అని కాలేజీ ఏజెంటు చెప్పే మాట నమ్మకండి.

ఏపీలో ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేసేవారికి రీయింబర్స్‌మెంట్ లేకుండా 2020 డిసెంబరులో జీవో 77 వచ్చింది. విద్యార్థి సంఘాలు దాని మీద చాలాకాలంగా పోరాడుతున్నాయి. పీజీకి ప్రైవేటు కాలేజీ ఆప్షన్ పెట్టేముందు ఆ ఏడాది ఉత్తర్వు ఏమిటో కనుక్కోండి.

ఒకే స్థాయి కోర్సు రెండోసారి చదివితే రాదు. బీఎస్సీ ఒక ఏడాది చదివి, మానేసి, బీకాంలో చేరినవారు దీనికి చిక్కుతారు. హాజరు చాలక డిటైన్ అయితే అదే సంవత్సరానికి మళ్లీ ఫీజు ఇవ్వరు. ఏటా రెన్యువల్ చేయకపోతే ఆ ఏడాది పోయినట్టే.

ఆదాయ పరిమితి సంగతి కూడా ఉంది. ఏపీలో కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షలు దాటకూడదు. తెలంగాణలో బీసీ, ఈబీసీలకు గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. పట్టణంలో నెలకు 17 వేలు సంపాదించే డ్రైవరు ఈ గీత దాటేస్తాడు. మరి ఆయన కూతురికి ఏ పథకం వర్తిస్తుంది? నిజాయితీగా రాసిస్తే ఏదీ వర్తించదు. ఆదాయ ధ్రువపత్రాల మీద రాసి ఉండే అంకెలన్నీ ఎందుకంత గుండ్రంగా ఉంటాయో తహసీల్దార్ ఆఫీసుల్లో అందరికీ తెలుసు.

హాజరు: బస్సు దగ్గర మొదలయ్యే కథ

ఫీజు తర్వాత విద్యార్థిని నిలబెట్టేదీ, పడగొట్టేదీ హాజరు. స్కాలర్‌షిప్‌కు 75 శాతం ఉండాలి. పరీక్షకు కూర్చోవాలన్నా సాధారణంగా అంతే. వైద్య కారణాలుంటే 65 శాతం దాకా మినహాయింపు ఇచ్చే వీలుంటుంది, దానికి రుసుము కట్టాలి.

ఊరికి ఉన్నది పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు అయితే 75 శాతం అంటే ఏమిటో ఆలోచించండి. పొద్దున బస్సు రాని రోజు హాజరు పోయినట్టే. ఆడపిల్లల విషయంలో ఒక మార్పు వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఏపీలో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు టికెట్ లేదు. నెలనెలా పాసు డబ్బులు వెతుక్కునే బాధ తప్పింది. కానీ టికెట్ తీసేసినంత మాత్రాన బస్సు రాదు. ఊళ్లోకి సర్వీసు పెంచమని డిపో మేనేజరుకు పంచాయతీ తీర్మానంతో పాటు, విద్యార్థుల సంఖ్య, కాలేజీ వేళలు రాసి వినతిపత్రం ఇవ్వండి. ఉత్త మాటలకంటే ఆ లెక్క బాగా పనిచేస్తుంది.

దూరమైతే హాస్టల్. తెలంగాణలో సంక్షేమ హాస్టళ్ల మెస్ చార్జీలను 2024 నవంబరులో పెంచారు. ఇంటర్ నుంచి పీజీ దాకా నెలకు 1,500 ఉన్నది 2,100 అయింది. రోజుకు 70 రూపాయలు. మూడు పూటలా తిండి అందులోనే. పెంచడం మంచిదే, పెంచాక కూడా లెక్క ఇదీ.

తెలుగు మీడియం నుంచి వచ్చిన విద్యార్థి మొదటి సెమిస్టర్

ఏపీలో 2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లిషు మీడియమే. తెలంగాణలో కూడా తెలుగు మీడియం సెక్షన్లు ఏటికేడు తగ్గిపోతున్నాయి. ఇంటర్ దాకా ‘గురుత్వాకర్షణ’, ‘జమా ఖర్చులు’ అని చదివిన పిల్లలకు మొదటి సెమిస్టర్‌లో పాఠం అర్థం కాదని కాదు, రాయడం రాదు. తెలిసిన జవాబు ఇంగ్లిషులో కూర్చలేక సబ్జెక్టులు మిగిలిపోతాయి.

2023 ఏప్రిల్‌లో అప్పటి యూజీసీ చైర్మన్ ఎం. జగదీశ్‌కుమార్ యూనివర్సిటీలకు లేఖ రాశారు. కోర్సు ఇంగ్లిషు మీడియంలో ఉన్నా, పరీక్ష స్థానిక భాషలో రాయడానికి విద్యార్థిని అనుమతించాలని అందులో కోరారు. ఆయన తెలంగాణవారే, తెలుగు మీడియం విద్యార్థి కష్టం తెలిసిన ప్రాంతం నుంచి వచ్చినవారు. అయితే అది సూచనే. తెలుగులో రాయొచ్చా లేదా అన్నది మీ యూనివర్సిటీ పరీక్షల విభాగం నిబంధన బట్టి ఉంటుంది. మొదటి సెమిస్టర్ ఫీజు కట్టేటప్పుడే పరీక్షల విభాగాన్ని అడిగి తెలుసుకోండి. చాలామంది విద్యార్థులు అలా అడగవచ్చని కూడా అనుకోరు.

వేరే సాయం ఏమైనా ఉందా?

కేంద్ర విద్యాశాఖ సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ ఒకటుంది. ఇంటర్ బోర్డు పరీక్షలో తమ గ్రూపులో పైనున్న 20 శాతంలో నిలిచి, కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉండి, రెగ్యులర్ కోర్సులో చేరినవారికి డిగ్రీలో ఏడాదికి 12 వేలు, పీజీలో 20 వేలు ఇస్తారు. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకుంటూ దీన్ని కూడా తీసుకోవడానికి మాత్రం వీల్లేదు. ఆదాయ పరిమితి కాస్త దాటి రీయింబర్స్‌మెంట్ రాని ఇళ్లకు, పైన చెప్పిన డ్రైవరు కూతురి వంటివారికి, ఇది పనికొచ్చేది.

2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద హామీ, పూచీకత్తు లేకుండా విద్యారుణం దొరుకుతుంది. ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు అప్పు మీద వడ్డీలో 3 శాతం కేంద్రమే భరిస్తుంది. అయితే ఇది ర్యాంకింగ్ ఉన్న కొన్ని సంస్థలకే. మండల కేంద్రంలోని డిగ్రీ కాలేజీ ఆ జాబితాలో ఉండే అవకాశం తక్కువ.

మధ్యలో మానేయాల్సి వస్తే

తండ్రికి ఆరోగ్యం బాగోక, పెళ్లి కుదిరి, పనికి వెళ్లాల్సి వచ్చి చదువు ఆపేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఇప్పటిదాకా పాసైన సబ్జెక్టుల క్రెడిట్లు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో ఏడేళ్లు నిలువ ఉంటాయి. ఆ ఖాతాలో మీ క్రెడిట్లు పడ్డాయో లేదో డిజీలాకర్‌లో చూసుకోండి. పడకపోతే, మానేసి వెళ్లకముందే కాలేజీ చేత వేయించండి. రెండేళ్ల తర్వాత వచ్చి అడిగితే, అప్పటి క్లర్కు అక్కడ ఉండడు.

మళ్లీ చదవాలనుకుంటే, 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా హైదరాబాద్‌లో మొదలైన డాక్టర్ బీఆర్ అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉంది. ఇగ్నో ఉంది. ఏపీలో యూనివర్సిటీల దూరవిద్యా కేంద్రాలున్నాయి. పనిచేసుకుంటూ చదవొచ్చు, రోజూ హాజరు అక్కర్లేదు. ఫీజు రెగ్యులర్ కోర్సుకంటే తక్కువే కానీ, రీయింబర్స్‌మెంట్ లేదు కాబట్టి సొంతంగా కట్టుకోవాలి.

మధ్యలో సీటు వదిలేసేవారికి కట్టిన ఫీజు వాపసు కూడా ఒక హక్కే. యూజీసీ 2018 నోటిఫికేషన్ ప్రకారం ప్రవేశాల చివరి తేదీకి 15 రోజుల ముందే మానేస్తే మొత్తం ఫీజు ఇవ్వాలి, ప్రాసెసింగ్ కింద 5 శాతం లేదా 5 వేలు, ఏది తక్కువైతే అది మినహాయించుకోవచ్చు. ఆ తర్వాత 90, 80, 50 శాతంగా తగ్గుతూ వచ్చి, చివరి తేదీ దాటిన 30 రోజుల తర్వాత ఏమీ రాదు.

రిపోర్టింగ్‌కు నాలుగు రోజులే ఉంటే

మొదట్లో చెప్పిన అమ్మాయి సంగతికి వద్దాం. ఈరోజే ఈపాస్ లేదా జ్ఞానభూమి స్టేటస్ పేజీ ప్రింటు తీయాలి. ఎస్సీ విద్యార్థి అయితే, ఏపీలో తల్లి ఖాతాకు డబ్బు వచ్చిన సంవత్సరాలైతే, పాసుపుస్తకం జిరాక్సు కూడా కావాలి. ప్రిన్సిపాల్ పేరుతో ఒక పేజీ దరఖాస్తు రాయాలి: నా హాల్‌టికెట్ నంబరు ఇది, అప్లికేషన్ నంబరు ఇది, మంజూరైన సొమ్ము ప్రభుత్వం నుంచి రావాల్సి ఉంది, ఫలానా తేదీకి ఫలానా యూనివర్సిటీలో రిపోర్ట్ చేయాలి, టీసీ, మెమోలు ఇప్పించండి. అలాట్‌మెంట్ ఆర్డరు దానికి జత చేయాలి. కాలేజీ తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో, ఈమెయిల్‌లో పంపాలి. అదే కాగితం నకలు యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు, జిల్లా సంక్షేమ అధికారికి పంపాలి.

అదే సమయంలో కొత్త కాలేజీకి కూడా ఫోను చేయాలి. టీసీ తర్వాత తెస్తామని అండర్‌టేకింగ్ రాయించుకుని కొన్ని యూనివర్సిటీలు ప్రొవిజనల్‌గా చేర్చుకుంటాయి. అడగకపోతే ఆ మాట వాళ్లంతట వాళ్లు చెప్పరు. తప్పనిసరై డబ్బు కట్టి తెచ్చుకోవాల్సి వచ్చినా, రసీదు మీద ‘ప్రభుత్వం నుంచి ఆర్టీఎఫ్ వచ్చాక తిరిగి చెల్లించవలసినది’ అని రాయించండి. ఆ సొమ్ము ఒకటి రెండేళ్ల తర్వాతైనా కాలేజీ ఖాతాలో పడుతుంది. ఈపాస్ పేజీని నెలకోసారి తెరిచి చూస్తూ ఉంటే, పడిన రోజు మీకు తెలుస్తుంది.